మూడు మంటల వరస

తెనాలిలో లెక్కల మాస్టారి ఇంటి పక్కన, రేకుల కింద నిలబడి ఉండే తెల్ల మారుతి 800ని ఆ వీధిలో ఎరగనివాళ్లు లేరు. దాని బానెట్ కింద ఉన్నది నేను. బండికి రంగుంది, నంబరుంది, ముందు అద్దం మీద వెంకటేశ్వరస్వామి స్టిక్కరుంది, కాబట్టి అందరూ దాన్ని గుర్తుపడతారు. నన్ను చూడాలంటే బానెట్ ఎత్తాలి. ఎక్కువమంది నాకేదో వచ్చినప్పుడే ఎత్తుతారు. బాగున్న రోజున ఎత్తి, నా చప్పుడు ఎలా ఉంటుందో విని గుర్తుపెట్టుకున్నవాళ్లు నా ఇన్నేళ్ల బతుకులో ఇద్దరే. ఒకరు షెడ్డు మేస్త్రి, రెండోది మాస్టారి మనవరాలు.

నాకు మూడు సిలిండర్లు. ఒక్కోదాని వ్యాసం 68.5 మిల్లీమీటర్లు, లోపల పిస్టన్ పైకీ కిందికీ నడిచే దూరం 72. గుణించి చూస్తే మూడింటికీ కలిపి 796 సీసీ వస్తుంది. దాన్నే గుండ్రం చేసి బండి వెనక 800 అని రాశారు. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కి ఒకటి నీరసపడితే మిగతా మూడూ ఎలాగోలా లాక్కొస్తాయి. నాకు ఆ వెసులుబాటు లేదు. ఒకటి మిస్ కొడితే మూడో వంతు బలం పోతుంది, స్టీరింగ్ పట్టుకున్నవాళ్ల మోచేతుల దాకా వణుకు పాకుతుంది. బాగున్నప్పుడు కూడా స్లోలో కాస్త ఊగడం మూడు సిలిండర్ల జాతి లక్షణమే. ఆ ఊపుకీ జబ్బుతో వచ్చే వణుకుకీ తేడా పట్టగలిగినవాళ్లే నాకు మందు వేయగలరు.

నాలో మంటలు 1-3-2 వరసలో అంటుకుంటాయి. ముందు ఒకటో సిలిండర్, తర్వాత మూడోది, ఆ తర్వాత రెండోది. క్రాంక్ రెండు చుట్లు తిరిగేలోపు మూడూ ఒక్కోసారి మండుతాయి. అంటే ప్రతి 240 డిగ్రీలకీ ఒక మంట. డిస్ట్రిబ్యూటర్ నుంచి బయల్దేరే మూడు ప్లగ్ వైర్లూ ఈ వరసకి కట్టుబడి ఉండాలి. ఈ సంగతి ఇప్పుడే చెప్పడానికి కారణం ఉంది, కాసేపట్లో దానితోనే పని పడుతుంది.

మా మారుతులు గుర్గావ్ ఫ్యాక్టరీ నుంచి బయటికి రావడం 1983 డిసెంబర్‌లో మొదలైంది. నేను వచ్చింది 1996లో. 2000లో పెట్రోలును కంప్యూటర్ కొలిచి చిమ్మే పద్ధతి మా ఇంట్లోకి కూడా వచ్చింది. 2010 ఏప్రిల్‌లో కొత్త కాలుష్య నిబంధనలు రావడంతో హైదరాబాద్ లాంటి పెద్ద నగరాల్లో మారుతి 800 అమ్మకం ఆగింది. 2014 జనవరిలో తయారీ కూడా ఆగిపోయింది. నాది మాత్రం పాత కార్బురేటర్ బతుకే. డ్యాష్‌బోర్డు మీద చోక్ బుడిపె, దాన్ని లాగితే గాలి తలుపు మూసుకోవడం, ఒళ్లు వేడెక్కాక బుడిపె లోపలికి నొక్కడం. కంప్యూటర్ లేని ఇంజిన్ని కాబట్టి నా జబ్బు ఏ తెర మీదా అంకెగా కనిపించదు. చప్పుడు, వాసన, వణుకు, ప్లగ్గు మొహం మీది రంగు, ఈ నాలుగే నా మాటలు. వినేవాళ్లుంటే అవి చాలు.

ఈమధ్య నన్ను ఇబ్బంది పెట్టింది పెట్రోలు. 2025 నాటికి దేశంలో బంకుల్లో అమ్మే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది. అందువల్ల మామూలు పెట్రోలు లెక్కకి తొలిచిన నా జెట్లలోంచి అంతే మోతాదు దిగినా మిశ్రమం మునుపటికంటే పలచబడుతుంది. చలిలో ఇథనాల్ త్వరగా ఆవిరి కాదు కూడా. దానికి తోడు నా కాలపు రబ్బరు గొట్టాలు ఇథనాల్‌ని ఉద్దేశించి చేసినవి కావు. కొన్ని ఉబ్బి మెత్తబడతాయి, కొన్ని పెళుసెక్కి పగుళ్లిస్తాయి. కిందటి ధనుర్మాసం ముందు రేకుల కింద పెట్రోలు వాసన మొదలైంది. మాస్టారు తలుపు తీయగానే ముక్కుకి గుప్పున కొట్టేది.

"షెడ్డుకి పంపుదాంలేమ్మా," అన్నారు మాస్టారు.

"వద్దు తాతయ్యా, గొట్టాలు నేనే మారుస్తాను. ఎటూ బానెట్ ఎత్తాం కదా, ప్లగ్గులూ వైర్లూ కూడా మార్చేస్తాను. కార్బురేటర్ కడగాలి," అంది మనవరాలు. గుంటూరులో పాలిటెక్నిక్ చదువుతోంది, సెలవులకి వచ్చింది.

ఆ నిర్ణయం నాకు నచ్చింది. ఇంట్లోవాళ్ల చెయ్యి తగిలిన ఇంజిన్‌కి తర్వాత కూడా పట్టించుకునేవాళ్లుంటారు. పని కూడా ఆ పిల్ల శ్రద్ధగానే చేసింది. ముందు బ్యాటరీ తీగ విప్పింది. రేకుల కింద పొయ్యి గానీ అగరొత్తి గానీ వెలిగించొద్దని అమ్మమ్మకి చెప్పింది. పాత గొట్టాల్ని ఒక్కొక్కటీ కోసి, అదే పొడవున కొత్తవి తొడిగి క్లిప్పులు బిగించింది. కార్బురేటర్ దించి పళ్లెంలో పెట్టుకుని, ఫ్లోట్ గిన్నె అడుగున పేరుకున్న గోధుమరంగు మడ్డి కడిగి, జెట్లలోంచి వెలుతురు కనిపించేదాకా గాలి కొట్టింది. కొత్త ప్లగ్గుల మొనల మధ్య సందు కొలిచి సుమారు 0.8 మిల్లీమీటర్లకి సరిచేసి పెట్టింది. సాయంత్రానికి అన్నీ ఎక్కించి సెల్ఫ్ కొట్టింది.

నేను లేవలేదు. కార్బురేటర్ నోట్లోంచి ఫట్‌మని ఒక పేలుడు, వెనక సైలెన్సర్‌లోంచి ఢబ్‌మని ఇంకోటి. కాకులు లేచిపోయాయి. మాస్టారు రెండడుగులు వెనక్కి వేశారు. పిల్ల మాత్రం ముందుకొచ్చింది, మొహం ఇంజిన్ మీదికి వంచకుండా పక్కనుంచి చూస్తూ.

లోపల జరిగింది ఇదీ. మూడు వైర్లూ ఒకేసారి ఊడదీయడంలో రెండోది, మూడోది తారుమారయ్యాయి. ఒకటో సిలిండర్‌కి నిప్పు సరైన వేళకే అందింది. మూడోదానికి చేరాల్సిన నిప్పు రెండోదానికి చేరింది. ఆ క్షణాన రెండోది ఇంకా పెట్రోలూ గాలీ పీల్చుకుంటోంది, లోపలికి వచ్చే వాల్వు బార్లా తెరిచి ఉంది. మంట ఆ దారినే వెనక్కి తన్ని కార్బురేటర్‌లోంచి బయటికొచ్చింది. ఇక రెండోదాని నిప్పు మూడోదానికి అందేసరికి ఆలస్యమైపోయింది. అప్పటికే ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుని కాలని మిశ్రమం బయటికి పోతోంది. అది సైలెన్సర్‌లో పేలింది. ముందు పేలుడుకీ వెనక పేలుడుకీ కారణం ఆ ఒక్క తారుమారే.

మాస్టారు లెక్కల మనిషి. మూడు వైర్లని మూడు చోట్ల ఎన్ని రకాలుగా పెట్టవచ్చో అడిగారు. ఆరు అంది పిల్ల. ఆ ఆరింట్లో ఒకదానిలో మూడూ సరిగ్గా ఉంటాయి, మూడింట్లో ఒక్కటే సరిగ్గా ఉంటుంది, మిగతా రెండింట్లో ఏదీ సరిగ్గా ఉండదు. రెండు సరిగ్గా ఉండి ఒక్కటి తప్పడం అసలు కుదరదు. ఆ మాట అంటూనే పిల్ల కళ్లు మెరిశాయి. ఒకటో వైరు పొడవు వేరు, దాన్ని తప్పు చోట పెట్టే వీల్లేదు. అయితే తప్పినవి మిగతా రెండూ. మార్చి పెట్టింది. సెల్ఫ్ అందుకోగానే లేచి నిలబడ్డాను. అమ్మమ్మ అందరికీ కాఫీ తెచ్చింది.

అసలు కథ మర్నాడు మొదలైంది. గుళ్లో తిరుప్పావై మైకు మోగే వేళ, మంచు ఇంకా రేకుల అంచున కారుతోంది. చోక్ పూర్తిగా లాగి సెల్ఫ్ కొడితే లేచాను గానీ ఒళ్లంతా వణుకు. చోక్ సగం లోపలికి నొక్కితే కుంటాను. మొత్తం నొక్కితే ఆగిపోయాను. రేస్ ఇస్తూ కాసేపు ఉంచితే సర్దుకున్నాను. ఎండెక్కాక మళ్లీ స్టార్ట్ చేస్తే ఏ ఇబ్బందీ లేదు, రోడ్డు మీద పికప్ కూడా మామూలే. మళ్లీ తెల్లారితే అదే తంతు.

వీధిలో తలా ఒక మాట అన్నారు. బ్యాటరీ పోయిందన్నారొకరు. పెట్రోలు పంపు మార్చమన్నారు ఇంకొకరు. బోరుకి వచ్చింది, పాత బండి కదా, అమ్మేయండి అని ఒకాయన గేటు దగ్గర నిలబడే తీర్పిచ్చి వెళ్లాడు. పక్కింటి బాబాయ్ స్క్రూడ్రైవర్ తెచ్చి స్లో స్క్రూ బిగించాడు. నిజమే, నేను ఆగిపోవడం మానేశాను. ఇంటిల్లిపాదీ ఆ పూట సంతోషించారు. నాకు మాత్రం ఊపిరాడలేదు. స్లో పెంచితే జబ్బు నయం కాదు, వినపడకుండా పోతుందంతే. గేరులో ఉంచి క్లచ్ వదలగానే బండి ఉరికింది, పెట్రోలు మామూలుకన్నా ఎక్కువ తాగాను. ఇలా నోరు నొక్కి తిప్పిన ఇంజిన్లు షెడ్లలో ఎన్నో కనబడతాయి. చివరికి వాటికి ఏమైందో చెప్పడం మేస్త్రికి కూడా కష్టమవుతుంది, ఎందుకంటే అసలు తప్పు మీద ఒకరి తర్వాత ఒకరు వేసిన సర్దుబాట్లు పొరలు పొరలుగా పేరుకుని ఉంటాయి.

పిల్లకి ఆ రాత్రి నిద్ర పట్టలేదేమో, పొద్దున్నే నోటుబుక్కు తెచ్చుకుని నా పక్కన స్టూలేసుకుని కూర్చుంది. ముందుగా స్లో స్క్రూని పాత చోటికి తెచ్చింది. నేను మళ్లీ వణికాను. ఆ వణుకు నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను, నా గొంతు నాకు తిరిగొచ్చింది. తర్వాత ఆ పిల్ల రాసుకున్నది బండికి రాగల జబ్బుల జాబితా కాదు, తను చెయ్యి పెట్టిన చోట్ల జాబితా. బ్యాటరీ తీగ, పెట్రోలు గొట్టాలు, కార్బురేటర్, ప్లగ్గులు, వైర్లు. బోరు, వాల్వులు, పంపు అందులో లేవు. ఆదివారం దాకా బాగున్న వాల్వు, తనని ఎవరూ ముట్టుకోకపోయినా సోమవారమే చెడడం జరగదని కాదు. కానీ రిపేరు అయిన మర్నాడే మొదలైన జబ్బుని రిపేరు జరిగిన చోట ముందు వెతకాలి. మేస్త్రులు ఎన్నేళ్లుగానో పాటించే పద్ధతి అది. అది వదిలేసి పాత బండి కదా అని ఇంజిన్ దించినవాళ్లు నాలాంటివాళ్లకి చేసిన అన్యాయం ఇంతా అంతా కాదు.

బ్యాటరీ సంగతి త్వరగానే తేలింది. రాత్రంతా ఊరికే ఉన్నాక 12.5 వోల్టులు చూపించింది, సెల్ఫ్ కొడుతున్నప్పుడు 10 దిగువకి పడలేదు. ఎర్తు తీగ బిగుతుగానే ఉంది. ఆ రెండు మాటలూ రాసి కొట్టేసింది. గొట్టాల క్లిప్పులు తడిమి చూసింది, ఎక్కడా తడి లేదు, వాసన లేదు.

ప్లగ్గుల దగ్గర మాత్రం చాలాసేపు ఆగింది. నన్ను చలిలో స్లోలోనే తిరగనిచ్చి ఆపి, మూడూ విప్పి తెల్ల కాగితం మీద వరసగా పెట్టింది. ఒకటి తడిసి ఉంటే ఆ సిలిండర్‌లో నిప్పు పడట్లేదని అర్థం. ఒకటి నల్లగా మసిబారితే అక్కడ పెట్రోలు ఎక్కువైందని. మూడూ పొడిగా, పింగాణీ భాగం తెల్లబోయి ఉన్నాయి. పెట్రోలు ఒక పాలుంటే గాలి తూకంలో సుమారు 14.7 పాళ్లు ఉండాలి. చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు ఇంకా ఎక్కువ కావాలి. తెల్లని ప్లగ్గు గాలి ఎక్కువైందని చెబుతుంది. మూడు ప్లగ్గులతో నేను చెప్పింది అదే.

పిల్ల ఇంకో పరీక్ష కూడా పెట్టింది. నన్ను స్లోలో ఉంచి, రబ్బరు పిడి పటకారుతో ఒక్కో ప్లగ్ వైరునీ ఒక్క క్షణం ఊడదీసి మళ్లీ పెట్టింది. వైరు తీయగానే నేను ఎంత కుంగుతానో చూడ్డానికి. ఏ సిలిండర్ పనిచేయట్లేదో దాని వైరు తీసినా నాలో మార్పుండదు. మూడింటికీ సమానంగానే కుంగాను. "తాతయ్యా, ఏ ఒక్కదానిదీ కాదు తప్పు. మూడూ కలిసి వాడుకునే చోట ఉంది," అంది. మూడూ కలిసి వాడుకునేది కార్బురేటర్, దాని కింది మ్యానిఫోల్డ్ దారి. ఆ క్షణాన నన్ను అంత చక్కగా అర్థం చేసుకున్నవాళ్లు ఇంకెవరూ లేరనిపించింది.

షెడ్డు మేస్త్రికి ఫోన్ చేసింది. "కార్బురేటర్ కింది ప్యాకింగ్ దగ్గర గాలి లాగుతున్నట్టుంది బాబాయ్, పెట్రోలు చిమ్మి చూడనా?"

"పెట్రోలు కొట్టకు తల్లీ! వేడి సైలెన్సర్ పక్కనే ఉంటుంది, అంటుకుంటుంది. మంచినీళ్లు చుక్కలు వెయ్యి, చాలు. ఫ్యాన్ బెల్టు దగ్గర చున్నీ జాగ్రత్త."

అమ్మమ్మ కంటి చుక్కల మందు సీసా ఖాళీది దొరికింది. కడిగి నీళ్లు నింపి, స్లోలో తిరుగుతున్న నా మీద ఒక్కో కీలు వెంబడే చుక్క చుక్కగా వేస్తూ వచ్చింది. గొట్టాల దగ్గర ఏమీ లేదు. కార్బురేటర్ పీఠానికి ముందువైపు ఏమీ లేదు. వెనక మూలన నట్టు పక్కన చుక్క పడగానే అది మాయమైంది. నేను లాక్కున్నాను. ఒక్క ఊపిరి సేపు నా వణుకు ఆగి చప్పుడు నిండుగా వినిపించింది, నీరు అయిపోగానే మళ్లీ మొదటికొచ్చింది. ఇంకో చుక్క వేసి చూసింది. మళ్లీ అదే. పిల్ల బుగ్గన గ్రీజు మరకతోనే చప్పట్లు కొట్టింది.

చోక్ ఎందుకు తాత్కాలికంగా కాపాడిందో, ఎండెక్కితే ఎందుకు బాగుండేదో అప్పుడు తేటతెల్లమైంది. వీధి తలుపుకి గడియ వేసి పెరటి గోడకి కన్నం వదిలేస్తే ఎలాగో నాకు అలా జరిగింది. చోక్ కాపలా కాసేది కార్బురేటర్ పై నోటిని. కింద ప్యాకింగ్ సందులోంచి దొంగగాలి లెక్కకి అందకుండా లోపలికొస్తోంది. స్లోలో థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది, లోపల లాగే బలం ఎక్కువ, వచ్చే గాలి మొత్తం తక్కువ. అలాంటప్పుడు ఆ సందు గాలి పెద్ద వాటా అవుతుంది. రేస్ ఇస్తే అసలు గాలి వరదలా వస్తుంది గనుక సందు గాలి లెక్కలోకి రాదు, అందుకే రోడ్డు మీద ఎవరికీ తెలియలేదు. చలిలో పెట్రోలు ఆవిరి కాక మ్యానిఫోల్డ్ గోడలకి అంటుకుపోతుంది, మంటకి అందేది కొంచెమే. ఆ కొంచెంలోనే దొంగగాలి చేరితే వణుకు తప్పదు. వేడెక్కాక గోడల మీది పెట్రోలు కూడా ఆవిరై ఆ లోటు పూడుతుంది. ఇథనాల్‌తో మిశ్రమం ముందే పలచబడి ఉండటం వల్ల, పాత రోజుల్లో ఓర్చుకునే చిన్న సందు కూడా ఇప్పుడు నాకు భారమైంది.

కార్బురేటర్ మళ్లీ దించారు. పాత ప్యాకింగ్ బయటపడింది. ఒక మూల గీకి తీసేటప్పుడు చిరిగి, మడత పడి, ఆ మడత మీదే మళ్లీ కూర్చుంది. పిల్ల దాన్ని వేలి మీద పెట్టుకుని వెలుతురుకి చూసింది. చిరుగు గోరు వెడల్పు కూడా లేదు. దాని పక్కన నల్లటి చార, గాలి పరిగెత్తిన దారి. ఆ నట్టునే అన్నింటికన్నా ముందు గట్టిగా బిగించడంతో మిగతా వైపు సమంగా కూర్చోలేదు కూడా. ఉక్కు స్కేలు అంచుని పీఠం మీద నిలువుగా ఆనించి వెనకనుంచి టార్చి వేసి చూశారు, పీఠం వంగలేదు. నాకు ఊరట కలిగింది. అది వంగితే కథ చాలా పెద్దదయ్యేది.

బజారుకెళ్లి కొత్త ప్యాకింగ్ తెచ్చింది. మ్యానిఫోల్డ్ రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కి, పాత ముక్కల్ని మొద్దు అంచుతో గీకింది, ఒక్క పలుకు కూడా నా లోపలికి రాలకుండా. గుడ్డ తీసిందో లేదో మాస్టారు మళ్లీ అడిగి మరీ చూశారు. నట్లన్నీ ముందు చేత్తో తిప్పి, తర్వాత పానాతో ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా, ఎదురెదురుగా బిగించుకుంటూ వచ్చింది. చోక్ తీగ చివరిదాకా కదులుతోందో లేదో చూసింది. స్లో స్క్రూని ముట్టుకోలేదు.

మర్నాడు చలి ఇంకా ఎక్కువే. చోక్ లాగి సెల్ఫ్ అందించగానే లేచాను. మూడు మంటలూ వరసగా అంటుకున్నాయి. నిమిషానికి సుమారు 900 చుట్ల దగ్గర నిలబడ్డాను. చోక్ లోపలికి నొక్కినా ఆగలేదు. పాత పెట్రోలు రోజుల కన్నా చోక్ కాస్త ఎక్కువసేపు లాగి ఉంచాల్సి వస్తోంది, అది ఇథనాల్ వాటా, దానికి జెట్లు సరిచూడాలి. ఆ పని మేస్త్రి దగ్గర నిలబడి నేర్చుకుంటానంది పిల్ల. మాస్టారు ముందు సీట్లో కూర్చుని, "బాపట్ల దాకా వెళ్లొద్దామా అమ్మడూ?" అన్నారు.

వెళ్లి రాగానే పిల్ల బానెట్ ఎత్తి నాకు దగ్గరగా చెవి పెట్టింది. నాలో రెండో సిలిండర్ పైన టిక్కు టిక్కుమని సన్నని చప్పుడొకటి ఉంది, అది చాలాకాలంగా ఉన్నదే. టాపెట్ సందు చూడాలని నోటుబుక్కులో రాసుకుంది. పై మూత విప్పితే దాని రబ్బరు ప్యాకింగ్ కూడా పాతదే గనుక, ముందుగా బజారుకి ఫోన్ చేసి కొత్తది ఉందో లేదో కనుక్కుంటోంది.